చప్పుడు చేసే కారు

ఆ సోమవారం ఉదయం తక్కెడ వేసుకున్న పథకం చాలా చిన్నది. గుమ్మం పక్కన తాళాలు తగిలించే మేకుకి ఒక నోటుపుస్తకం వేలాడదీసి, దానికి దారంతో ఒక పెన్సిలు కట్టడం. అంతే. ఆ పుస్తకం పుణ్యమా అని నెల తిరక్కుండా ఇంటిల్లిపాదీ మతిమరుపు డాక్టరు ముందు వరసగా కూర్చుంటారని ఆయనకు తెలియదు. తెలిసి ఉంటే దానికీ ఒక గడి గీసి ఉండేవాడు.

తక్కెడ అసలు పేరు ఆఫీసులో సగం మందికి గుర్తులేదు. తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. ఇరవై రెండేళ్ళుగా కొట్ల వెంట తిరిగి కాటాలు సరిచూస్తున్నాడు, పెట్రోలు బంకుల్లో ఐదు లీటర్ల డబ్బా పట్టి కొలుస్తున్నాడు. సరిగ్గా ఉంటే ముద్ర వేస్తాడు. వెంట్రుకవాసి తేడా ఉన్నా వేయడు. కాళ్ళావేళ్ళా పడినా వేయడు. ఇంట్లోనూ అంతే. మంచం కొనేముందు తానూ భార్యా నిద్రలో ఎంత మేర దొర్లుతారో వారం రోజులు నేల మీద పడుకుని చాక్‌పీసుతో గీసి చూసుకున్న మనిషి. అలాంటివాడికి కారు కొనాల్సి వచ్చింది.

ఉన్న కారుకి పంతొమ్మిదేళ్ళు. పొగ పరీక్షలో తప్పింది. నెలాఖరు తర్వాత రోడ్డెక్కడానికి వీల్లేదని కాగితం ఇచ్చారు.

"ముప్ఫై రోజులు ఎవరు ఎక్కడికి వెళ్ళినా వెళ్ళేముందు మీటరు రీడింగు, అక్కడికి చేరాక ఒకటి, తిరిగి వచ్చాక ఒకటి ఇందులో రాయాలి," అన్నాడు తక్కెడ, రొట్టె ముక్కతో పుస్తకాన్ని చూపిస్తూ. "రోజుకి యాభై కిలోమీటర్ల లోపే తిరుగుతున్నామంటే ఎలక్ట్రిక్ కారు. రాత్రి ప్లగ్గు పెడతాం, పగలు తిరుగుతాం. యాభైకి అటూ ఇటూ అయితే ప్లగ్-ఇన్. అది యాభై దాకా కరెంటు మీద పోతుంది, ఆ తర్వాత పెట్రోలు మీద. తరచూ నూట యాభై దాటుతున్నామంటే హైబ్రిడ్. దానికి ప్లగ్గే అక్కర్లేదు, బ్రేకు కొట్టినప్పుడల్లా తన కరెంటు తనే దాచుకుంటుంది."

"ఏదైనా కొనండి. తలుపు లోపల్నుంచి తెరుచుకుంటే చాలు," అంది భార్య. ఆవిడ పళ్ళ డాక్టరు దగ్గర కౌంటర్లో పనిచేస్తుంది. పాత కారులో ఆవిడ వైపు తలుపు బయటనుంచే తెరుచుకుంటుంది. క్లినిక్ ముందు దిగాలంటే రోజూ దారినపోయే ఎవరో ఒకరిని బతిమాలుకోవాలి.

బల్ల చివర కూర్చున్న పెద్దాయన, అంటే తక్కెడ తండ్రి, టీ కప్పు కింద పెట్టాడు. ముప్ఫై నాలుగేళ్ళు బస్సు నడిపి రిటైరైన మనిషి. "వీటిలో చప్పుడు దేనికి ఎక్కువరా?" అని అడిగాడు.

"ఎలక్ట్రిక్‌కి అసలు ఉండదు నాన్నా. ప్లగ్-ఇన్‌కి యాభై దాటాక ఉంటుంది. హైబ్రిడ్‌కి ఇంజను ఉంది కాబట్టి ఉంటుంది. అయినా చప్పుడుతో మనకేం పని? పుస్తకంలో దానికి గడే లేదు."

పెద్దాయన సగం తాగిన టీ అలాగే వదిలేసి లేచాడు. ఆయన గుండెలో రాయి పడింది.

కారణం ఇది. రెండేళ్ళ క్రితం పెద్దావిడకు, అంటే ఆయన భార్యకు, మతిమరుపు ముదిరి, స్టవ్వు వెలిగించి వీధిలోకి వెళ్ళిపోవడం రెండుసార్లు జరిగాక, ఆరు కిలోమీటర్ల దూరంలో, మతిమరుపు వాళ్ళను చూసుకునే హోమ్‌లో చేర్చారు. ఆవిడ కొడుకును మరిచిపోయింది, కోడలిని మరిచిపోయింది, కొన్ని రోజులు తన పేరు కూడా మరిచిపోయేది. పెద్దాయన రోజూ సరిగ్గా పది గంటలకు వెళ్ళేవాడు. ఒక్క నిమిషం అటూ ఇటూ అయ్యేది కాదు, డిపో అలవాటు. పాత కారు సైలెన్సరు పగిలిన గొంతుతో హోమ్ ఆవరణలోకి రాగానే పెద్దావిడ లేచి కిటికీ దగ్గరకు వచ్చేది. చువ్వ పట్టుకుని నిలబడేది. ఆయన లోపలికి వెళ్ళాక "ఎవరు మీరు?" అనే అడిగేది, అది వేరే సంగతి. కానీ మనిషిని మరిచిపోయినా మనిషి బండి చప్పుడును మరిచిపోలేదు కదా అని ఆయన ఆ కిటికీని తలచుకునే మర్నాటి పది దాకా బతికేవాడు. ఆ చప్పుడు కూడా పోతే ఆవిడకు తాను మిగలడు. అదీ ఆయన భయం.

ఈ మాట కొడుకుతో చెప్పొచ్చు. కానీ డెబ్భై మూడేళ్ళ వయసులో, నా భార్య నాకోసం కిటికీ దగ్గరకు వస్తుందిరా అని కొడుకుతో ఎలా చెప్పడం? పైగా చెబితే వాడు చప్పుడు కొలిచే మిషనేదో పట్టుకుని హోమ్‌కి తయారవుతాడు. అందుకని పెద్దాయన తనకు తెలిసిన దారి పట్టాడు. పుస్తకంలో అబద్ధం రాయడం ఆయన వల్ల కాదు. సర్వీసు మొత్తంలో ఒక్క ట్రిప్ షీటులో కూడా ఒక్క కిలోమీటరు తప్పు రాయలేదు. కాబట్టి నిజంగానే తిరిగేయాలి. నూట యాభై దాటితే హైబ్రిడ్ అన్నాడు కదా!

మంగళవారం నుంచి పెద్దాయన హోమ్‌లో పలకరింపు అయ్యాక ఊరి చుట్టూ ఉన్న బైపాసు ఎక్కి ప్రదక్షిణాలు మొదలుపెట్టాడు. నాలుగు చుట్లకు నూట యాభై దాటేది. నడుము పట్టేసేది. కారు ఎండకు మరిగి రెండుసార్లు ఆగిపోయింది. అయినా సాయంత్రానికి ఇల్లు చేరి, రీడింగు రాసి, మంచం మీద వాలేవాడు.

శుక్రవారం తక్కెడ పుస్తకం తీసి కిలోమీటర్లు లెక్కవేశాడు. 'హోమ్: వెళ్ళడం 6. రావడం 152.' ఇంకోసారి చూశాడు. కళ్ళజోడు తుడుచుకుని చూశాడు.

"నాన్నా, హోమ్ నుంచి రావడానికి నూట యాభై రెండు ఎందుకయింది?"

పెద్దాయన నీళ్ళు నమిలాడు. అబద్ధం చెప్పడం రానివాళ్ళతో వచ్చే చిక్కే ఇది. అక్కర్లేని చోట అక్కర్లేని అబద్ధం చెబుతారు. "ఏమోరా... ఎటెటు తిరిగానో గుర్తులేదు," అన్నాడు.

తక్కెడ పుస్తకం మూసేశాడు. అమ్మకు కూడా ఇలాగే మొదలైంది. కూరల కొట్టుకు వెళ్ళి రావడానికి మూడు గంటలు పట్టింది ఆరోజు. ఎటు వెళ్ళావమ్మా అంటే ఇదే మాట అంది. ఇప్పుడు నాన్న కూడానా? ఆ పూట ఆయన అన్నం కెలికి వదిలేశాడు. తర్వాత ఒక చిన్న కాగితం మీద అచ్చుగుద్దినట్టు ఇంటి చిరునామా, ఫోను నంబరు రాసి, 'దారి తప్పితే ఈ నంబరుకు ఫోను చేయండి' అని కింద గీత గీసి, తండ్రి చొక్కా జేబులో పెట్టాడు.

ఇక్కడ ఒక చిన్న సంగతి ఉంది. పెద్దాయన ఎప్పుడూ కొత్త చొక్కా కొనుక్కోడు. కాలరు అరిగిందని కొడుకు వదిలేసిన చొక్కాలే తొడుక్కుంటాడు. మర్నాడు జేబులో కాగితం దొరికేసరికి ఆయన చదివి, తిప్పి మళ్ళీ చదివాడు. కొడుకు చొక్కా, కొడుకు దస్తూరి. తన ఇంటి చిరునామా తానే రాసి పెట్టుకున్నాడంటే, నలభై తొమ్మిదేళ్ళ కుర్రాడికి అప్పుడే వాళ్ళమ్మ జబ్బు దిగిందన్నమాట!

ఆ సాయంత్రం భోజనాల దగ్గర తక్కెడ గొంతు సవరించుకున్నాడు. "నాన్నా, ఈరోజు ఏ వారం?"

వారం కూడా మరిచిపోయాడా అని పెద్దాయన కంగారుపడ్డాడు. మొహంలో కనబడనివ్వకుండా మెల్లగా అన్నాడు. "శనివారం నాయనా. నిన్న శుక్రవారం. రేపు ఆదివారం, నీకు ఆఫీసు లేదు. కంగారేం లేదు."

"మన వీధి పేరు?"

"పోస్టాఫీసు వెనక వీధి. నీకెప్పుడు కావాలన్నా నన్నడుగు. ఎన్నిసార్లయినా అడుగు, నేనేం అనుకోను."

తండ్రి ఎంత తెలివిగా కప్పిపుచ్చుకుంటున్నాడో అని తక్కెడకు జాలేసింది. కొడుకు ఎంత తిప్పలు పడి తెలుసుకుంటున్నాడో అని పెద్దాయనకూ అంతే. ఇద్దరూ ఒకరికొకరు కూర వడ్డించుకున్నారు. ఆ ఇంట్లో అంతటి ప్రేమ అంతకుముందు ఎప్పుడూ లేదు.

ఆదివారం పెద్దాయన వంటింట్లోకి వచ్చాడు. "అమ్మాయ్, వాడి గురించి నీతో ఒక మాట." ఆయన వెళ్ళిన పావుగంటకు తక్కెడ వచ్చాడు. "నాన్న గురించి నీతో ఒక మాట." ఆవిడ ఇద్దరి మాటా నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది? ఇద్దరూ కళ్ళనీళ్ళు పెట్టుకునే చెప్పారు. అత్తగారితో ఏడాదిపాటు పడ్డ అనుభవం ఉంది కాబట్టి ఆవిడ పనిలోకి దిగింది. డబ్బాలన్నిటికీ చీటీలు అంటించింది. ఉప్పు. పంచదార. స్విచ్చి దగ్గర 'లైటు'. స్నానాలగది తలుపుకు 'స్నానాలగది'. ఆ చీటీలు చూసి, పాపం నాన్నకోసం అని కొడుకూ, పాపం వాడికోసం అని తండ్రీ నిట్టూర్చారు. పెద్దాయన అయితే ఉండబట్టలేక అద్దం మీద 'ఇది నువ్వే' అని రాసి అంటించాడు.

చివరగా ఆవిడ కారు తాళాలు దాచేసింది. అదే కొంప ముంచింది. ఏ డబ్బాలో దాచిందో మర్నాటి ఉదయానికి గుర్తుకు రాలేదు.

"ఎక్కడ పెట్టానో చచ్చినా తట్టడం లేదండీ," అంది బావురుమంటూ. తండ్రీ కొడుకులు మొహమొహాలు చూసుకున్నారు. ఈవిడ కూడానా!

తొమ్మిదిన్నర అయింది. పది అయింది. ముగ్గురూ డబ్బాలన్నీ బోర్లించారు. వంటిల్లంతా పప్పూ పంచదారా ఏకమయ్యాయి. పెద్దాయన కాలుగాలిన పిల్లిలా తిరిగి తిరిగి, చివరకు వీధి చివర బస్సు ఎక్కాడు. రెండు బస్సులు మారి హోమ్ చేరేసరికి పదకొండూ పావు. ఆవరణలో నిలబడి తలెత్తి చూశాడు.

కిటికీ దగ్గర ఎవరూ లేరు.

పది నిమిషాలు అలాగే ఎండలో నిలబడ్డాడు. దగ్గి చూశాడు. గేటు దగ్గర 'హారను మోగించరాదు' అని బోర్డు ఉంది. లేకపోతే ఎవరి కారు హారనైనా నొక్కి ఉండేవాడు. కర్టెను కూడా కదల్లేదు. చప్పుడు లేకపోతే రాదు, ఇంక సందేహమేముంది? ఆయన లోపలికి వెళ్ళకుండానే బస్సు ఎక్కేశాడు. దారి పొడుగునా ఏడ్చాడు. పక్క సీటు మనిషి 'కంట్లో దుమ్ము పడిందా?' అని అడిగితే అవునన్నాడు.

తాళాలు సాయంత్రం ఊడుస్తుంటే పప్పు కుప్పలోనే దొరికాయి. మూడుసార్లు వెతికిన పప్పే. అయితే అప్పటికే తక్కెడ డాక్టరుతో మాట్లాడి మర్నాటికి, తండ్రికి అనుమానం రాకుండా తన పేరు కూడా కలిపి, ముగ్గురి పేర్లూ రాయించేశాడు. తండ్రికి మాత్రం "నాకు కాస్త తోడు రా నాన్నా" అని చెప్పాడు. "తప్పకుండా నాయనా, నేనున్నాను కదా," అన్నాడు పెద్దాయన.

డాక్టరుగారు పెద్దావిడను చూసినాయనే. "పేషెంటు ఎవరు?" అని అడిగాడు. తండ్రి కొడుకును చూపించాడు. కొడుకు తండ్రిని చూపించాడు. కోడలు గభాలున చెయ్యెత్తింది.

ముగ్గురికీ తలో తెల్లకాగితం ఇచ్చి, గడియారం బొమ్మ గీసి ఏదో ఒక టైము చూపించమన్నాడు డాక్టరు. ఐదు నిమిషాలు గడువు. పెద్దాయన అర నిమిషంలో గీసేశాడు. సరిగ్గా పది గంటలు. కోడలు కూడా తడుముకోకుండా గీసి పెట్టింది. తక్కెడ మాత్రం జేబులోంచి స్కేలు తీశాడు. నాణెం పెట్టి గుండ్రం గీశాడు. చాలదని చెరిపి, డాక్టరుగారి టీ కప్పు బోర్లించి గీశాడు. కోణమానిని ఉందా అని నర్సును అడిగాడు. ఐదు నిమిషాలు అయ్యేసరికి ఆయన గడియారంలో నాలుగు దాకానే అంకెలున్నాయి, ముళ్ళు లేనే లేవు.

"పెద్దాయనకు ఏ లోపమూ లేదు. కోడలుగారికి ఉన్నది అలసట," అన్నాడు డాక్టరు. తర్వాత తక్కెడ వైపు జాలిగా చూశాడు. "మీరు కొన్నాళ్ళు కారు నడపకపోవడం మంచిది."

పెద్దాయన అదిరిపడి లేచాడు. "వాడికి ఏ జబ్బూ లేదండీ! పుట్టిందగ్గర్నుంచీ అంతే! వాడు కొలుస్తాడు. అంతే, కొలుస్తాడు!" అని, ఒక్క క్షణం ఆగి, జేబులోంచి ఆ కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. "మరి ఇదెందుకు రాసుకున్నావురా?"

"నీకోసం నాన్నా! నూట యాభై రెండు కిలోమీటర్లు ఎటు తిరిగావో గుర్తులేదన్నావుగా?"

"గుర్తులేకేం? బైపాసు చుట్టూ తిరిగాను. నాలుగు చుట్లు. హైబ్రిడ్ కొంటావని తిరిగాను. ఆ చప్పుడుకే మీ అమ్మ కిటికీ దగ్గరకొస్తుందిరా..." అని ఆగిపోయాడు.

డాక్టరుగారు తన టీ కప్పు వైపు చూస్తూ ఉండిపోయాడు. కోడలు కళ్ళొత్తుకుంది. తక్కెడ తన సగం గడియారాన్ని మడిచి జేబులో పెట్టుకుని, "పుస్తకంలో గడి గీయాల్సింది," అన్నాడు.

ఆ వారమే షోరూముకు వెళ్ళారు. పెద్దాయన భయపడినంతా జరిగింది. తక్కెడ ఆఫీసులో అడిగి చప్పుడు కొలిచే మిషను తెచ్చాడు. అమ్మకాల కుర్రాడు హుషారుగా హైబ్రిడ్‌ను వాళ్ళ ముందుకు తెచ్చి ఆపాడు. "చూశారా సార్? నెమ్మదిగా వచ్చేటప్పుడు ఇంజను పనిచేయదు, మోటారే. పక్కనుంచి వెళ్ళినా తెలీదు!"

ముగ్గురి మొహాలూ మాడిపోయాయి.

"మరి ప్లగ్-ఇన్?" అంది కోడలు.

"అది ఇంకా మెత్తగా వస్తుంది మేడమ్! ఎలక్ట్రిక్ అయితే సన్నటి ఈల లాంటిది వస్తుంది, అంతే. పక్కింటివాళ్ళకు కూడా తెలీదు."

"చప్పుడు చేసే కారు లేదా బాబూ?" అన్నాడు పెద్దాయన.

కుర్రాడికి ఏమీ అర్థం కాలేదు. పదకొండు నెలలుగా చప్పుడు లేదని చెప్పి అమ్ముతున్నాడు. "అంటే సార్... ఏమైనా వదులు చేయించమంటారా?" అన్నాడు దీనంగా.

తక్కెడ మిషను చూశాడు. మూడు కార్ల కన్నా ఆ కుర్రాడి గొంతే ఎక్కువ చప్పుడు చూపిస్తోంది. ఏది కొన్నా హోమ్ ఆవరణలోకి పిల్లిలాగే వెళుతుంది. ఇంటికి వచ్చి, పుస్తకంలోంచి బైపాసు చుట్లు కొట్టేసి లెక్క వేస్తే రోజుకు ఇరవై నాలుగు తేలింది. ఎలక్ట్రిక్ కారే కొన్నారు. ఎవరికీ సంతోషం లేదు. నెలాఖరు రోజు పాత కారును అప్పగించేటప్పుడు పెద్దాయన బానెట్ మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డాడు.

మర్నాడు ఉదయం పెద్దాయనే నడిపాడు. ఎడమకాలు ఆరు కిలోమీటర్లూ లేని క్లచ్చిని వెతుకుతూనే ఉంది. పక్కన తక్కెడ, వెనక కోడలు. ఆవిడ వైపు తలుపు లోపల్నుంచి తెరుచుకుంటుంది, కానీ ఆ మాట ఎత్తే ధైర్యం ఆవిడకు లేకపోయింది. పదికి ఒక్క నిమిషం ఉందనగా కారు హోమ్ ఆవరణలోకి వచ్చి ఆగింది. వచ్చినట్టు కాపలావాడికి కూడా తెలియలేదు.

కిటికీ ఖాళీగా ఉంది.

"నేను దిగను," అన్నాడు పెద్దాయన.

"నాన్నా..."

"నేను దిగనురా."

ఉక్కపోస్తోందని తక్కెడ అద్దం దించాడు. ఎక్కడో పిచుకలు. ఎవరో బకెట్టు జరిపిన చప్పుడు. పాత కారులో ఉన్నంతకాలం ఈ ఆవరణలో ఇన్ని చప్పుళ్ళు ఉన్నాయని ఎవరికీ తెలియదు. అప్పుడు లోపల వరండాలోంచి ఇంకో చప్పుడు వినిపించింది. కీచ్... కీచ్... కీచ్... ఎవరో చక్రాల బండి తోసుకుంటూ వస్తున్నారు.

పెద్దావిడ కిటికీ దగ్గరకు వచ్చింది. చువ్వ పట్టుకుని నిలబడింది. వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి కిటికీ గట్టు మీద టీ కప్పు పెట్టింది. ఆవిడ కప్పు అందుకుని, బయట కారు వైపు ఒకసారైనా చూడకుండా, ఊదుకుని తాగింది.

పెద్దాయనే ముందు తలుపు తీసుకుని దిగాడు, వెనకే మిగతా ఇద్దరూ. మెట్ల దగ్గర ఎదురైన నర్సమ్మ వీళ్ళను చూసి నవ్వింది. "అరె, ఎప్పుడొచ్చారండీ, వినబడనే లేదు! టీ తాగుతున్నారు అమ్మగారు. రోజూ పదింటికే కదా. ఆ చక్రం కీచుమంటే చాలు, ఎక్కడున్నా లేచి కిటికీ దగ్గరకు వచ్చేస్తారు."

పెద్దాయన తలూపాడు. రెండేళ్ళుగా తన కోసం అనుకున్నది టీ కోసం. సరిగ్గా పదింటికి రాకుండా ఎప్పుడైనా అదే కారులో ఏ పదకొండింటికో వచ్చి ఉంటే ఎప్పుడో తెలిసిపోయేది. ఆయన లోపలికి వెళ్ళి, ఆవిడ ఎదురుగా కూర్చుని, "ఎవరు మీరు?" అన్న ప్రశ్నకు ఆరోజు జవాబు చెప్పలేదు.

నాలుగు రోజులు ఆయన హోమ్‌కి వెళ్ళలేదు. మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఐదో రోజు తొమ్మిదింటికే లేచి, గడ్డం గీసుకుని, కొడుకు పాత చొక్కాల్లో మంచిది తొడుక్కుని బయలుదేరాడు.

తర్వాతి ఆదివారం తక్కెడ హోమ్‌కి వెళ్ళేసరికి వరండాలో కీచు చప్పుడు వినిపించింది. టీ బండి తోసుకుంటూ వస్తున్నది పెద్దాయనే. బస్సు మలుపు తిప్పినట్టు జాగ్రత్తగా మూల తిప్పి, కిటికీ దగ్గర ఆపి, గట్టు మీద కప్పు పెట్టాడు. పెద్దావిడ ఆయన మొహంలోకి చూసింది.

"కొత్తగా చేరారా?" అని అడిగింది.

"అవునండీ, నిన్ననే," అన్నాడు పెద్దాయన.

"రోజూ ఇదే అడుగుతారు, రోజూ ఈయన ఇదే చెబుతారు," అంది నర్సమ్మ తక్కెడతో గుసగుసగా. అంతలో హోమ్ మేనేజరు వచ్చాడు. "ఇన్‌స్పెక్టరుగారూ, మీరు లెక్క తెలిసినవాళ్ళు, కాస్త ఆ చక్రం చూసి పెట్టండి. గోల భరించలేకపోతున్నామని మిగతా గదులవాళ్ళు గొడవ చేస్తున్నారు. నూనె వేయించమంటారా, చక్రమే మార్చేయమంటారా?"

పెద్దాయన బండి మీద చెయ్యి బిగించాడు. తక్కెడ వంగి చూశాడు. ఇరుసు వంగిపోయింది, గుండ్రం కోడిగుడ్డులా అరిగింది, చుక్క నూనె లేదు. లేచి జేబులోంచి కాగితం తీసి, 'పరిశీలించితిని. చక్రము సక్రమముగా ఉన్నది. నూనె అవసరము లేదు' అని రాసి, కింద సంతకం పెట్టి ఇచ్చాడు.

ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో తక్కెడ ఇచ్చిన మొదటి దొంగ సర్టిఫికెట్టు అదే.